కొత్త మొలగొలుకులు: నెల్లూరు సీమలో కోల్పోయిన వరి గుణాల పునరుద్ధరణ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నెల్లూరు సీమకు సన్నబియ్యపు ఖ్యాతి తెచ్చిన దేశవాళీ వరి మొలగొలుకులు. ఇరవయ్యో శతాబ్ది మొదటి సగంలో శుద్ధవంశ ఎంపిక, 1960ల తరువాత పొట్టి వరి రకాల రాక ఈ రకాన్నీ దానితోపాటు అనేక స్థానిక రకాలనూ పొలాల నుంచి తప్పించాయి. ఆ క్రమంలో పోయిన గుణాలలో కొన్నింటిని శాస్త్రజ్ఞులు ఎంపిక ద్వారా, సంకరణ ద్వారా తిరిగి తెచ్చారు, కొన్నింటిని తేలేదు. ఏ గుణం తిరిగి వచ్చిందో, ఏది రాలేదో నిర్ణయించినది విజ్ఞానశాస్త్రం ఒక్కటే కాదని, ఆ గుణానికి అప్పటికే ఒక పేరూ ఆ పేరుకు ఒక విలువా ఉన్నాయా అన్నది కూడా నిర్ణాయకమైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మొలగొలుకులు, శుద్ధవంశ ఎంపిక, పునఃసంకరణం, సాంబ మసూరి, కేళీలు, వ్యవసాయ పదజాలం.

ఉపోద్ఘాతం

నెల్లూరు అనే ఊరిపేరు 'నెల్లి' అనే ఉసిరిచెట్టు నుంచి వచ్చిందని స్థలపురాణం చెబుతుంది. వరి అనే అర్థంలోని 'నెల్లు' నుంచి వచ్చిందని మరొక వాదం. వ్యుత్పత్తి ఎటు తేలినా, రెండో వాదం ప్రజల నోట నిలవడానికి కారణం మాత్రం పెన్నా మాగాణి. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో నెల్లూరు, సంగం ఆనకట్టలు కట్టిన తరువాత ఈ మాగాణి విస్తరించింది. బకింగ్‌హాం కాలువ మీద పడవలలోనూ తరువాత రైళ్ళ మీదా ఇక్కడి బియ్యం మద్రాసుకు చేరింది. నెల్లూరుకు దక్షిణాన జాతీయ రహదారి మీద ఉన్న వెంకటాచలం మండలం కూడా ఈ మాగాణి బతుకులో భాగమే. సర్వేపల్లి జలాశయం ఈ మండలంలోనిదే.

వెంకటాచలానికి తెలుగు పరిశోధకులతో ఇటీవల మరొక సంబంధం ఏర్పడింది. మైసూరు నుంచి నెల్లూరు జిల్లాకు తరలివచ్చిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం ఇక్కడి స్వర్ణభారత్ ట్రస్టు ఆవరణలోనే పని ప్రారంభించింది. తాళపత్రాలను, శాసనాలను, పాత పదాలను వెదికే సంస్థ చుట్టూ వరిపొలాలు ఉండటం కాకతాళీయమే. అయినా పాత పాఠాన్ని తిరిగి నిలబెట్టే పనికీ పాత విత్తనాన్ని తిరిగి నిలబెట్టే పనికీ మధ్య పోలికలు గట్టివి, తేడాలు అంతకంటె గట్టివి. వరి ప్రజననం వృక్షశాస్త్ర విషయమని తెలుగు శాఖలు దానిని పక్కన పెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. విత్తనాల చరిత్రలో సగం పేర్ల చరిత్రే.

మొలగొలుకులు: ఒక పేరు కింద ఎన్ని విత్తనాలు?

మొలగొలుకులు సన్నగింజ వరి. పంటకాలం ఆరు నెలలకు దగ్గరగా సాగేది. పైరు ఎత్తుగా పెరిగేది, గడ్డి సమృద్ధిగా వచ్చేది. నిలవ ఉంచి పాతబడిన మొలగొలుకుల బియ్యానికి సంపన్న గృహాలలో ప్రత్యేక గౌరవం ఉండేది. నెల్లూరు సీమకు నైరుతి కంటె ఈశాన్య రుతుపవనం ముఖ్యం. అందువల్ల కృష్ణా, గోదావరి మండలాలలో కోతలు దగ్గరపడే వేళకు ఇక్కడ నాట్లు సాగుతాయి. ఆ పెద్దపంట మాఘ, ఫాల్గుణాలలో చేతికి వస్తుంది. నీరు దొరికిన ఏట వేసవిలో వేసే పంటను ఇక్కడివారు ఎడగారు అంటారు. రాష్ట్రంలోని ఇతర ప్రాంతాల రైతుకు ఈ మాట చెబితే అర్థం కాకపోవచ్చు.

ఈ రుతుక్రమమే నెల్లూరు వరికి ఒక శాశ్వత శత్రువును కూడా ఇచ్చింది. పైరు ఎదిగే కాలంలో రాత్రులు చల్లగా ఉంటాయి, ఆకుల మీద మంచు చాలాసేపు నిలుస్తుంది. అగ్గి తెగులును కలిగించే శిలీంధ్రానికి కావలసింది సరిగ్గా అదే. ఆకు మీద కండె ఆకారపు మచ్చలతో మొదలై, వెన్ను మెడ దగ్గర పట్టుకుంటే గింజ పాలు పోసుకోకుండానే ఎండిపోతుంది. ఈ సీమలో ఏ వరి రకం చరిత్ర రాసినా అగ్గి తెగులు అందులో ఒక పాత్రగా ఉండక తప్పదు.

మొలగొలుకులు అన్న పేరు ఒకటే అయినా, ఆ పేరుతో పొలంలో ఉన్నది ఒకే విత్తనం కాదు. వరి ఆత్మపరాగ సంపర్కం జరిపే మొక్క. ఒక పువ్వు పుప్పొడి పక్క మొక్కను చేరడం చాలా అరుదు. కనుక దేశవాళీ రకం అంటే, దాదాపు దేనికదిగా స్థిరపడిన అనేక వంశాల గుంపు. ఒక ఊరి మొలగొలుకులలో కొన్ని మొక్కలు వారం ముందు ఈనవచ్చు, కొన్ని గాలికి నిలబడవచ్చు, కొన్ని తెగులుకు లొంగకపోవచ్చు. వర్షం ఆలస్యమైన ఏట ఒక వంశం, తెగులు ఉద్ధృతమైన ఏట మరొక వంశం ఎక్కువ గింజనిచ్చేవి. మొత్తం పొలం ఏ ఏడూ అద్భుతంగా పండేది కాదు, పూర్తిగా పోయేదీ కాదు.

రైతుకు ఈ వైవిధ్యం తెలుసు. కాని అతడు దానిని హద్దులలో ఉంచేవాడు. పైరులో తేడాగా కనిపించే మొక్కలను తెలుగు రైతులు కేళీలు అంటారు. ఎత్తులోనో, ఈనే సమయంలోనో, గింజ రంగులోనో తేడా చూసి విత్తనపు మడిలో వాటిని ఏరివేస్తారు. ఇది శాస్త్రగ్రంథాలు పుట్టకముందే ఉన్న ఎంపిక. ఏ తేడాను కేళీగా చూడాలి, ఏ తేడాను రకంలో సహజమని వదిలివేయాలి అన్నది ఆ ఊరి కళ్ళకు తెలిసిన విద్య. కేళీ అన్న మాట వెనుక ఒక పూర్తి లక్షణగ్రంథం ఉంది. అది రాతలో లేదు.

శుద్ధవంశం, శుద్ధప్రతి

డెన్మార్కు శాస్త్రజ్ఞుడు జొహాన్సెన్ 1903లో చిక్కుడు జాతి గింజలపై చేసిన ప్రయోగాలతో శుద్ధవంశ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఒకే మొక్క నుంచి ఆత్మపరాగ సంపర్కంతో వచ్చిన సంతానంలో ఎంత ఎంపిక చేసినా కొత్త ఫలితం రాదని, మిశ్రమంలోంచి మంచి మొక్కను విడదీయడమే ఎంపికకు అర్థమని దీని సారాంశం. అప్పటికి మూడేళ్ళ ముందే మెండెల్ సూత్రాలు తిరిగి వెలుగులోకి వచ్చాయి. మద్రాసు రాష్ట్ర వ్యవసాయశాఖ వీటిని త్వరగానే అందుకుంది. కోయంబత్తూరులో పార్నెల్ నాయకత్వంలో వరి పరిశోధన మొదలైంది. పార్నెల్, రంగస్వామి అయ్యంగార్, రామయ్య కలిసి వరిలో గుణాల అనువంశికత గురించి 1917లో ప్రకటించిన పత్రం ఈ రంగంలో తొలినాటి పరిశోధనలలో ఒకటి.

పద్ధతి వినడానికి సులువు. రైతుల పొలాల నుంచి వందల వెన్నులు ఏరి తెస్తారు. ఒక్కొక్క వెన్ను గింజలను ఒక్కొక్క వరుసగా నాటుతారు. వరుసలను పక్కపక్కన పెట్టి పోలుస్తారు. నచ్చనివి తీసివేస్తారు. మిగిలినవాటిని మరుసటి ఏడు మళ్ళీ నాటుతారు. ఇలా కొన్నేళ్ళు గడిచాక ఒక్క వెన్ను సంతానం మిగులుతుంది. దానికి ఒక అంకె ఇచ్చి, విత్తనం పెంచి రైతులకు పంచుతారు. మారుటేరులో 1925లో ఏర్పడిన కేంద్రం నుంచి అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, అత్రగడ వంటి గోదావరి మండల రకాలు ఇలాగే అంకెలు ధరించి బయటికి వచ్చాయి. నెల్లూరు సీమకు బుచ్చిరెడ్డిపాలెంలో 1930ల ఉత్తరార్ధంలో కేంద్రం ఏర్పడింది. అక్కడ మొలగొలుకుల నుంచి విడదీసిన వంశాలు 'బీసీపీ' అన్న అక్షరాలతో వెలువడ్డాయి. ఆ అక్షరాలు ఊరిపేరుకు సంక్షిప్తరూపమే. తరువాత ఈ పరిశోధన నెల్లూరు కేంద్రానికి మారి అక్షరాలు 'ఎన్‌ఎల్‌ఆర్' అయ్యాయి.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ పద్ధతి పరాయిగా తోచదు. సి. పి. బ్రౌన్ ఎన్నో ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్పించి, పాఠాలు నిర్ణయించి శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాలను అలా ఎన్ని 1829లో ప్రచురించాడు. ఊరికొక పాఠం, నోటికొక రూపం ఉన్న పద్యానికి ఒక నిర్ణీతరూపం వచ్చింది. శుద్ధవంశం, శుద్ధప్రతి అన్న రెండు మాటలలోనూ 'శుద్ధ' అనేది ఒకే నమ్మకాన్ని సూచిస్తుంది: వైవిధ్యం కాలక్రమాన చేరిన మలినమని, దాన్ని కడిగితే అసలుది బయటపడుతుందని. పద్యం విషయంలో ఈ నమ్మకం కొంతవరకు సమంజసం. పద్యానికి కర్త ఉన్నాడు, అతడు ఒకసారి ఒక రూపంలో చెప్పాడు. దేశవాళీ వరికి అలాంటి మూలపాఠం లేదు. దానిలోని తేడాలు లేఖకదోషాలు కావు, ఆ రకం బతికిన తీరే అది. ఇక్కడ పోలిక తెగిపోతుంది. మరో ముఖ్యమైన తేడా కూడా ఉంది. పరిష్కర్త వదిలేసిన పాఠాంతరం అధస్సూచికలో నిలుస్తుంది, తాళపత్రమైనా గ్రంథాలయంలో ఉంటుంది. ప్రజననకారుడు వదిలేసిన వరుసను మరుసటి ఏడు నాటరు. నాలుగైదు వర్షాకాలాల తేమకు వడ్లు మొలకెత్తే శక్తిని కోల్పోతాయి.

కాబట్టి కోల్పోవడం పొట్టి వరితో మొదలైందన్న సాధారణ అభిప్రాయాన్ని కొంత సవరించుకోవాలి. దేశవాళీ రకాలను కాపాడటానికి, మెరుగుపరచడానికి చేసిన తొలి ప్రయత్నంలోనే తొలి నష్టం ఉంది. అంకె ధరించిన మొలగొలుకులు మేలైన మొలగొలుకులే. గింజ సమానంగా ఉండేది, మిల్లుకు అనువు, దిగుబడి నిలకడ. కాని ఊరూరి తేడాలు ఒక్క వెన్ను ముందు తలవంచాయి.

ఈ దశలోనే జరిగిన ఒక యాదృచ్ఛిక ఘటన మన కథకు చాలా ముఖ్యం. కోయంబత్తూరులో కొణామణి అనే పాత రకపు పైరులో తేడాగా ఒక మొక్క కనిపించింది. రైతు పొలంలోనైతే అది కేళీ, ఏరి పారవేసేవాడు. పరిశోధన క్షేత్రంలో కనుక దాన్ని వేరుగా పెంచారు. సన్నని, రుచికరమైన గింజ గల ఆ సహజ ఉత్పరివర్తన 'జీఈబీ 24'గా 1921లో విడుదలై, కిచిలి సాంబ అన్న పేరుతో దక్షిణాదిన వ్యాపించింది. ఆ అక్షరాలు ప్రభుత్వ ఆర్థిక వృక్షశాస్త్రజ్ఞుడి పదవికి ఆంగ్ల సంక్షిప్తం. ఒక ఉద్యోగపు పేరు ఒక అన్నానికి పేరుగా నిలవడం విచిత్రమే.

పొట్టి వరి రాక

1960ల మధ్యలో వరుస కరువులు, దిగుమతి గోధుమల మీద ఆధారపడటం దేశాన్ని కలవరపెట్టాయి. తైవాన్ నుంచి తైచుంగ్ నేటివ్ 1, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి 1966లో విడుదలైన ఐఆర్ 8 ఇక్కడికి చేరాయి. రెండింటిలోనూ పొట్టిదనాన్ని ఇచ్చింది డీ-జియో-వూ-జెన్ అనే తైవాన్ రకం. ఎరువు వేసిన కొద్దీ పెరిగి పడిపోయే పాత పైర్ల స్థానంలో, ఎరువును గింజగా మార్చుకొని నిలబడే పైరు వచ్చింది. పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు 1967లో ఐఆర్ 8 పండించి సాధించిన దిగుబడి దేశమంతటా చర్చకు వచ్చింది. హైదరాబాదు రాజేంద్రనగర్ కేంద్రంగా 1965లో ఏర్పడిన అఖిల భారత సమన్విత వరి పరిశోధన పథకం 1968లో జయ రకాన్ని ఇచ్చింది. అన్నం లేని ఇళ్ళలో అన్నం ఉడికింది. దేశవాళీ విత్తనాల గురించి ఈనాడు రాసే కొందరు ఈ వాస్తవాన్ని తేలికగా దాటవేయడం సరికాదు.

అయితే నష్టాల పట్టిక కూడా అంత స్పష్టంగానే ఉంది. ఐఆర్ 8 గింజ లావు, లోపల సున్నపు తెలుపు. అన్నం ఆరితే గట్టిపడేది. మార్కెట్టులో ధర తక్కువ పలికేది. తైచుంగ్ నేటివ్ 1 బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు సులభంగా లొంగింది. గడ్డి పొట్టిదై పశువుల మేతకు, ఇంటి కప్పుకు చాలలేదు. పంటకాలం తగ్గి రెండో పంటకు వీలు కలగడం లాభమే అయినా, నెల్లూరు పెద్దపంట రుతుక్రమంతో అల్లుకొన్న పాత కొలతలన్నీ తారుమారయ్యాయి.

తిరిగి వచ్చిన గుణాలు

నెల్లూరు కేంద్రం 1970ల చివర విడుదల చేసిన రెండు రకాల పేర్లు ఈ వ్యాసానికి ప్రేరణ: కొత్త మొలగొలుకులు 72, కొత్త మొలగొలుకులు 74. వీటి అసలు అంకెలు ఎన్‌ఎల్‌ఆర్ 9672, ఎన్‌ఎల్‌ఆర్ 9674. ఇవి పాత మొలగొలుకుల నుంచి ఏరిన శుద్ధవంశాలు కావు. సంకరణతో రూపొందినవి, అగ్గి తెగులును మెరుగ్గా తట్టుకొనేవి. ఇక్కడ 'కొత్త' అన్న విశేషణం రెండు పనులు చేస్తున్నది. ఇది పాతది కాదని ఒప్పుకొంటున్నది, అయినా పాతదానికి వారసత్వం తనదేనని చెబుతున్నది. అంకె చెబితే విత్తనం కొనని రైతు, మొలగొలుకులు అంటే కొంటాడని నామకర్తలకు తెలుసు. రైతు ఆ పేరులో కోరుకొన్నది ఏమిటి? సన్నదనం, అన్నపు మెత్తదనం, పెద్దపంటకు సరిపడే కాలం. ఆ పేరు ఒక విత్తనాన్ని కాక, ఒక గుణసముచ్చయాన్ని సూచించే స్థితికి చేరింది. భాషాశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే నామవాచకం విశేషణంగా మారింది.

ఇంతకంటె పెద్ద పునరుద్ధరణ బాపట్లలో జరిగింది. 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, వంశవృక్షంలో ముగ్గురున్నారు: జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి. మొదటిది కొణామణిలో పుట్టిన కిచిలి సాంబ. రుచి, సన్నదనం ఇచ్చేది. రెండోది పొట్టిదనం ఇచ్చేది. మూడోది మలేషియాలో 1965లో విడుదలైన రకం. జపాను, ఇండికా తరగతుల వరిని కలపడానికి కటకం కేంద్రంగా సాగిన అంతర్జాతీయ పథకపు సంతానం. పొట్టి వరితో పోయిన సన్నగింజ, ఆ పొట్టిదనాన్ని వదులుకోకుండానే ఈ సంకరంలో తిరిగి వచ్చింది. నలభై ఏళ్ళుగా తెలుగువారి సన్నబియ్యానికి ఇదే కొలమానం.

ఈ పేరు గురించి ఒక చిన్న మాట. మసూరి అంటే మైసూరుకు వికృతి అని, మసూర్ పప్పు వంటిదని చాలామంది అనుకొంటారు. నిజానికి మహ్‌సూరి మలేషియాలోని లంకావి దీవి గాథలలోని స్త్రీ పేరు; చేయని తప్పుకు శిక్ష పొందిన నిర్దోషిగా ఆమెను అక్కడివారు తలుస్తారు. సాంబ తమిళనాట ఒక వరిపంట కాలానికి, ఆ కాలపు రకాలకు పేరు. కనుక సాంబ మసూరి అన్న సమాసంలో ఒక తమిళ రుతువు, ఒక మలయా కథానాయిక, రెండు వైపుల వంశాలూ కలిసి ఉన్నాయి. తెలుగు పేరైన కొణామణి మాత్రం ఆ వంశవృక్షంలో అడుగున ఉండి కూడా పైకి వినిపించదు.

సాంబ మసూరి సన్నదనాన్ని తిరిగి తెచ్చింది కాని తెగుళ్ళకు నిలవలేదు. అగ్గి తెగులు, ఎండాకు తెగులు రెండూ దానిని వేధించాయి. పంటకాలం 145 నుంచి 150 రోజులు. నెల్లూరు కేంద్రం ఐఆర్ 72తో దానిని సంకరపరచి 2009లో ఎన్‌ఎల్‌ఆర్ 34449ను ఇచ్చింది. దీనికే నెల్లూరు మసూరి అని పేరు. సన్నగింజ నిలిచింది, పంటకాలం నాలుగు నెలలకు తగ్గింది, అగ్గి తెగులును తట్టుకొనే శక్తి చేరింది. పేరులో మొలగొలుకులు పోయి మసూరి వచ్చిందని గమనించాలి. తరం మారింది; నెల్లూరు రైతుకు మేలైన బియ్యం అంటే గుర్తుకు వచ్చే మాట కూడా మారింది.

ఎండాకు తెగులు విషయంలో మార్గం వేరు. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, కణ అణుజీవశాస్త్ర కేంద్రం కలిసి పునఃసంకరణ పద్ధతిని అనుసరించాయి. గుణం ఇచ్చే మొక్కతో ఒకసారి సంకరపరచి, ఆ సంతానాన్ని మళ్ళీమళ్ళీ సాంబ మసూరితోనే కలుపుతారు. మొదటి సంకరంలో దాత వాటా సగం. ఒక పునఃసంకరణంతో పాతిక శాతం, రెండింటితో పన్నెండున్నర శాతం, నాలుగింటితో సగటున మూడు శాతం మిగులుతుంది. ప్రతి తరంలోనూ కావలసిన జన్యువు నిలిచిందా లేదా అని అణుస్థాయి గుర్తులతో పరీక్షిస్తారు. ఇలా మూడు నిరోధక జన్యువులు చేరిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఆ మూడింటిలో ఎక్స్‌ఏ 21 అనేది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవివరి నుంచి వచ్చింది. 1995లో దాని నిర్మాణం బయటపడింది. అన్నంలో తేడా తెలియకుండా తెగులుకు మాత్రమే తేడా తెలియాలన్నది లక్ష్యం. తెలుగువారి రుచిని కాపాడటానికి మాలి నదీతీరపు గడ్డిమొక్క పనికివచ్చింది.

ఈ పద్ధతి బలం స్వర్ణ రకంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మారుటేరు నుంచి 1982లో వచ్చిన స్వర్ణ తూర్పు భారతమంతా పాకింది కాని నీట మునిగితే నిలవదు. ఒడిశాలోని ధలపుటియా అనే దేశవాళీ రకం నుంచి 1940లలో కటకంలో వేరుచేసిన ఎఫ్‌ఆర్ 13ఏ రెండు వారాల ముంపును తట్టుకొంటుంది. ఆ శక్తికి మూలమైన జన్యువును 2006లో గుర్తించి, స్వర్ణలోకి తెచ్చి 2009లో విడుదల చేశారు. అరవై ఏళ్ళ కిందట ఎవరో ఒక వంశాన్ని దాచి ఉంచకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. అన్నిటికంటె ముఖ్యం, ఆ వంశానికి 'ముంపును తట్టుకొనేది' అని అప్పుడే పేరు పెట్టారు. వెదికేవారికి ఎక్కడ వెదకాలో తెలిసింది.

2025 మే 4న ప్రకటించిన డీఆర్ఆర్ ధన్ 100, కమల అనే రకం ఈ వరుసలో తాజాది. సాంబ మసూరి జన్యువులోనే సవరణ చేసి గింజల సంఖ్యను పెంచి, పంటకాలాన్ని తగ్గించినది ఇది. దీనిని పునరుద్ధరణ అనలేము. దాత మొక్కే లేదు. అయినా ఆధారం ఇంకా సాంబ మసూరే, అంటే కొంతవరకు కొణామణే.

పేరు లేని గుణాలు

పైన చెప్పినవాటిని ఒకచోట చేర్చి చూస్తే తిరిగి వచ్చిన గుణాలన్నిటికీ ఒక సామాన్యధర్మం కనిపిస్తుంది. సన్నదనానికి మిల్లులో ధర ఉంది. అగ్గి తెగులుకు, ఎండాకు తెగులుకు శాస్త్రంలో పేరుంది, నష్టానికి లెక్క ఉంది. ముంపుకు ప్రభుత్వ పరిహారపు పట్టిక ఉంది. గడ్డి పొడుగు, పశువు దాన్ని ఇష్టంగా మేయడం, ఆరు నెలల పైరు కింద చేపలు, ఆకుకూరలు పెరగడం వంటివాటిని ఎవరూ తిరిగి తీసుకురాలేదు. అవి సాధ్యం కాక కాదు. అడిగేవారి మాట ప్రయోగశాల భాషలోకి చేరలేదు. మరొక విషయం: నెల్లూరు పేరు నెలోర్ అన్న రూపంలో బ్రెజిల్ దేశపు పశువుల మందల మీద స్థిరపడి కొన్ని తరాలుగా వంశావళి పుస్తకాలలో నమోదవుతున్నది. ఆ పశువుల పూర్వజులు తిన్న గడ్డినిచ్చిన వరికి అంతటి శ్రద్ధ దక్కలేదు.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని, వ్యవసాయ పదాలకు కేటాయించి, ప్రచురించింది. జిల్లాలవారీగా రైతుల నోటి నుంచి సేకరించిన ఆ పదజాలమే తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించడానికి ఆధారమైంది. నెల్లూరు అందులో దక్షిణ మండలంలో చేరింది. ఈ కోశాన్ని మనం సాధారణంగా మాండలికశాస్త్ర గ్రంథంగానే చదువుతాం. తేదీని మరొకసారి చూడాలి. తైచుంగ్ నేటివ్ 1 రావడానికి రెండేళ్ళ ముందు, ఐఆర్ 8కు నాలుగేళ్ళ ముందు. పొట్టి వరి రాకకు ముందు తెలుగు రైతు తన పైరును ఏ మాటలతో చూశాడో చెప్పే చివరి విస్తృత సాక్ష్యాలలో అది ఒకటి. విత్తన భాండాగారంలో గింజ ఉన్నా దాని గుణాలకు రైతు పెట్టిన మాటలు ఈ తరహా గ్రంథాలలోనే వెదుక్కోవాలి. గింజను పరిశీలించే శాస్త్రజ్ఞుడూ పదాన్ని పరిశీలించే తెలుగు పరిశోధకుడూ ఒకే బల్ల దగ్గర కూర్చొన్న సందర్భం మాత్రం అరుదు.

దీని అవసరం నేడు చట్టం వల్ల కూడా పెరిగింది. 2001లో వచ్చిన మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం రైతు రకాలను కూడా నమోదు చేసుకోవడానికి వీలు కల్పించింది. విత్తనాన్ని దాచుకోవడం, మార్చుకోవడం, గుర్తింపు ముద్ర లేకుండా అమ్ముకోవడం రైతు హక్కుగా గుర్తించింది. ప్రపంచంలో అనేక దేశాలు ఇవ్వని హక్కు ఇది. కాని నమోదు కావాలంటే రకం తక్కినవాటికంటె విలక్షణంగా, తనలో తాను ఏకరూపంగా, తరతరానికి స్థిరంగా ఉండాలి. రైతు రకాలకు ఏకరూపత విషయంలో కొంత సడలింపు ఉన్నా, మూలభావన శుద్ధవంశానిదే. ఊరూరి తేడాలతో బతికిన మొలగొలుకులు అన్న పేరు కింద ఇప్పుడు ఎవరైనా దరఖాస్తు చేస్తే, ముందుగా కేళీలు ఏరి ఒక్క రూపం తేల్చవలసి ఉంటుంది.

ప్రకృతి సేద్యం చేసేవారు, దేశవాళీ విత్తన మేళాలకు వెళ్ళేవారు అడిగేది పాత రకమే. వారికి దొరికేది తరచుగా కేరళ నవర, కాలాబట్టి వంటి ఇతర ప్రాంతాల పేరున్న రకాలు. ఇందులో తప్పు పట్టవలసినది లేదు, విత్తనం ఎప్పుడూ ప్రయాణిస్తూనే ఉంది. మొలగొలుకులు అన్న ముద్రతో ఒక సంచి దొరికిందనుకొందాం. అది బుచ్చిరెడ్డిపాలెం శుద్ధవంశమా, 1970ల కొత్త మొలగొలుకులా, ఏదో సన్నరకానికి పెట్టుకొన్న ఆకర్షణీయమైన పేరా అని తేల్చడానికి ఆధారాలు మూడు: వంశావళి పత్రాలు, జన్యు పరీక్ష, ఆ రకాన్ని పండించి వండినవారి జ్ఞాపకం. మొదటి రెండూ భద్రంగా ఉంటాయి. మూడోది వెంకటాచలం, ముత్తుకూరు, కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం ప్రాంతాలలో ఇప్పటికే డెబ్బై, ఎనభై దాటిన వారి దగ్గర ఉంది. పైరు ఏ దశలో ఏ రంగు తిరిగేది, వెన్ను ఎలా వంగేది, వడ్లు దంచితే నూక ఎంత వచ్చేది, గంజి ఎంత చిక్కగా ఉండేది అన్నవి వారు చెప్పగలరు, వారి మాటలలోనే చెప్పగలరు.

వరి రకాన్ని నమోదు చేయడానికి అధికారికంగా నింపవలసిన లక్షణాల పట్టికలో అరవై పైచిలుకు అంశాలున్నాయి. ఆకు రంగు, ఆకు కోణం, వెన్ను పొడవు, గింజ పొడవు వెడల్పులు, సువాసన, పిండిపదార్థపు స్వభావం వరకు అన్నీ కొలతలతో ఉంటాయి. పశువు గడ్డిని ఎంత ఇష్టంగా మేస్తుందో, గాదెలో ఏడాది నిలిచిన బియ్యం ఎలా ఉడుకుతుందో రాసుకోవడానికి ఆ పట్టికలో గడి లేదు.